పత్తికొండ దారిలో పాతబండ్లు

గుత్తి నుంచి పత్తికొండకు కొత్త బండి మీద గంట దారి. మా గుంపుకు అది పొద్దంతా పట్టే దారి. నలభై, యాభై ఏండ్ల బండ్లతో బయల్దేరేవాళ్లకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. బండి ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట నీడ ఉందా, ఆ నీడలో మనుషులున్నారా అనేదే లెక్క. ఈ దారిలో నీడ తక్కువే గానీ మనుషులకు కొదవ లేదు.

మా గుంపులో మనుషులను బండ్ల పేర్లతోనే పిలుచుకుంటాం. బుల్లెట్ సారు, జావా అన్న, రాజ్‌దూత్ మామ, సువేగా తమ్ముడు. ఫోన్లలో కూడా అట్లనే రాసుకున్నాం. బుల్లెట్ సారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనాడు. జావా అన్నకు ఆదోనిలో బట్టల అంగడి. రాజ్‌దూత్ మామ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా ఉద్యోగమంతా స్తంభాల మీదనే గడిపి ఈమధ్యే నేల మీదికి దిగినాడు. సువేగా తమ్ముడికి ఇంకా ముప్పై నిండలేదు. వాళ్ల జేజినాయన నడిపిన బండిని గొడ్ల కొట్టంలోంచి బయటికి లాగి, దాని ట్యాంకులో కాపురమున్న ఎలుకలను సాగనంపి, మళ్లీ రోడ్డు మీదికి తెచ్చిన ఘనుడు. నాది యెజ్దీ.

బండ్ల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ముందు జరిగేది అర్థం కాదు.

బుల్లెట్ 1971ది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరుకు పైకి లేపాలి, మిగతా మూడింటికీ కిందికి తొక్కాలి. ఇప్పటి బండ్లకు అలవాటుపడినవాడు దీన్నెక్కితే బ్రేకు వేయబోయి గేరు మారుస్తాడు, గేరు మార్చబోయి నిలబడిపోతాడు. యాభైల్లో సరిహద్దు కాపలాకు మన సైన్యం తెప్పించుకున్న ఇంగ్లండు బండి ఇది. ఇక్కడే తయారుచేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. ఇంగ్లండులో అసలు కంపెనీ 1970ల మొదట్లోనే మూతపడింది, తిరువొత్తియూరులో బండి మాత్రం తయారవుతూనే ఉండింది.

జావా మైసూరు బిడ్డ. 1960లో అక్కడ ఐడియల్ జావా కంపెనీ పెట్టి, చెకోస్లొవేకియా నమూనాతో 250 సీసీ టూస్ట్రోకు బండ్లు చేసినారు. దానికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. స్టార్టయినాక అదే రాడ్డును ముందుకు తిప్పితే గేరు అవుతుంది. ఎంత తెలివైన పనితనమో చూడండి, ఒక ఇనుపకడ్డీ మిగిలింది. 1973 నుంచి ఆ కంపెనీ బండ్లకు యెజ్దీ అనే పేరొచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూసేసినా, జావా, యెజ్దీ ఉన్నవాళ్లు ఒకరినొకరు అన్నదమ్ముల లెక్కన చూసుకుంటారు. జావా అన్నకూ నాకూ మధ్య ఉన్న చుట్టరికం అదే.

రాజ్‌దూత్ పోలండు బండికి మన దేశపు అవతారం. ఎస్కార్ట్స్ కంపెనీ 1962లో మొదలుపెట్టింది. 175 సీసీ, ఒకటే సిలిండరు, టూస్ట్రోకు. సీమ పల్లెల్లో మోటారు సైకిలంటే చాలాకాలం ఇదే. పాలక్యాన్లు, గడ్డిమోపులు, బుడ్డల మూటలు, పెండ్లికూతుర్లు, అన్నీ దీని మీదనే ఊరు దాటినాయి. ఇక సువేగా మన సొంతం. ఫ్రాన్సు మోటోబెకాన్ కంపెనీ సాంకేతికతతో తిరుపతిలో మోపెడ్స్ ఇండియా తయారుచేసిన 50 సీసీ బండి. రాయలసీమలో పుట్టిన బండి రాయలసీమ రోడ్డెక్కితే ఆ గౌరవమే వేరు. దానికి పెడల్సున్నాయి. ఇంజను అలిగితే సైకిలయిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వీటిలో ఏది వింటేజ్, ఏది కాదు అనే తగవు మా గుంపులో ఎప్పటికీ తెగదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏండ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి. కొత్త నమోదుకు రూ. 20,000 కట్టాలి. అట్లా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కాలి. బుల్లెట్టుకూ జావాకూ ఆ వయసుంది. మామ రాజ్‌దూత్ 1979ది, ఇంకా యాభై నిండలేదు.

"నీది ఇంకా పసిబిడ్డ మామా, ఉయ్యాల్లో పెట్టు" అంటాడు బుల్లెట్ సారు.

"పసిబిడ్డ ఎవురో కొండెక్కేటప్పుడు తేలుతాదిలే సార్" అని మామ జవాబు.

వీళ్లను చల్లార్చడానికి నేనొక సంగతి చెప్తుంటాను. 1946లో ఇంగ్లండులో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు పెట్టినప్పుడు 1930 దాకా తయారైన బండ్లనే చేర్చుకున్నారు. ఆ లెక్కన మాలో ఒక్కటీ పనికిరాదు. ఇప్పుడు అదే క్లబ్బు పాతికేండ్లు దాటిన బండినైనా రమ్మంటుంది. ఆ లెక్కన అందరం పనికొస్తాం. మామకు ఈ రెండో లెక్క చాలా ఇష్టం. నా మటుకు నాకు వయసు పట్టింపు లేదు. రోజూ నడిచే బండిని ప్రదర్శనకు పరిమితం చేసే షరతు మాత్రం మింగుడుపడదు. ఈ బండ్లు సంతకు పోవడానికి పుట్టినాయి, సంతకే పోవాలి. అద్దాల గదిలో మెరిసే బండికి ఎవరూ తమ కథ చెప్పరు. రోడ్డు పక్కన స్టాండేసిన బండికి చెప్తారు.

జూన్‌లో తొలకరి పడినాక గుత్తిలో కలుసుకున్నాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని బయటికొచ్చేసరికి బండ్ల చుట్టూ జనం. ఏ ఊర్లోనైనా వరసబెట్టి మూడు ప్రశ్నలొస్తాయి: ఏ సంవత్సరంది, లీటరుకు ఎంతిస్తుంది, అమ్ముతారా. నాలుగోది ప్రశ్న కాదు, మాట. "మా నాయనకుండె." ఈ మాట అన్న మనిషి ట్యాంకు మీద చెయ్యి పెట్టకుండా ఉండడు. పిల్లలు సువేగా పెడల్సు తిప్పుతుంటే తమ్ముడు వారించలేదు. తిప్పితే చైన్‌కు మంచిదే అన్నాడు.

మా వెనక గుత్తి కోట కొండ. ఈ దారిన మాకన్నా ముందు పోయినవాళ్లలో థామస్ మన్రో ఒకడు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోసినాక, ఏడేండ్లు ఈ నేలకు కలెక్టరుగా చేసినాడు. గుర్రమెక్కి ఊరూరూ తిరిగి, గుడారాల్లో ఉండి, చేను చేనుకూ శిస్తు కట్టించినాడు. తర్వాత మద్రాసు గవర్నరయినాడు. స్వదేశానికి పోయే ముందు తన పాత జిల్లాలు ఒకసారి చూసుకోవాలని 1827లో మళ్లీ వచ్చినాడు. జూలై మొదటి వారంలో గుత్తి చేరి, ఈ దారినే పత్తికొండకు పోయి, జూలై 6న కలరాతో అక్కడే కన్నుమూసినాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చినారు. కొన్నేండ్లకు అస్థికలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించినారు. మద్రాసులో ఆయన విగ్రహంలో గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. "రికాబుల్లేని గుర్రమూ, సెల్ఫ్ స్టార్టు లేని బుల్లెట్టూ ఒకటే జాతి" అని బుల్లెట్ సారు వాదన. ఆ మాటన్న ఊపులో ఆయన కిక్కు కొట్టినాడు. బండి ఒక్క దెబ్బకు లేచింది.

గుత్తి నుంచి పదమూడు కిలోమీటర్ల దాకా ఎవరి బండీ మొరాయించలేదు. ఎర్రగుడి అశోకుని శాసనాల కోసం రోడ్డు వదిలి లోపలికి తిరిగినాం. చిన్న గుట్ట, దాని మీద పెద్ద పెద్ద బండలు, పురావస్తు శాఖ కంచె. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా ఈ రాతలు లోకానికి తెలియవు. పద్నాలుగు పెద్ద శాసనాలు, చిన్న శాసనాలతో కలిపి ఒకే చోట ఇన్ని ఉన్న తావు దక్షిణాన అరుదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దపు బ్రాహ్మీ అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి. ఈ పక్కనున్న జొన్నగిరే అశోకుని కాలపు సువర్ణగిరి అని కొందరు చరిత్రకారుల మాట.

రెండో పెద్ద శాసనంలో రాజు ఏం చెప్పినాడో తెలిసినాక నాకు ఆ బండ దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినానంటాడు, మందు మొక్కలు నాటించినానంటాడు, దారుల వెంబడి బావులు తవ్వించి చెట్లు పెట్టించినానంటాడు. నీళ్లు, నీడ. ఈ ఎండు నేల మీద దారిన పోయేవాడికి ఇరవై రెండు వందల ఏండ్ల కింద ఏం కావాలో ఇప్పుడూ అదే కావాలి.

చిన్న శాసనంలో ఇంకో వింత ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కినారు. ఎద్దులు సాలు చివరదాకా పోయి మళ్లి వచ్చినట్టు రాత కూడా మళ్లుతుంది. జావా అన్న దాన్ని చాలాసేపు చూసి, "వెనక్కి రాయడానికి మనసెట్లొచ్చిందప్పా వానికి" అన్నాడు. ఆ మాట జావా విన్నట్టుంది.

కిందికొచ్చి అన్న కిక్కు కొట్టినాడు. కాలు సగంలోనే జారింది, అయినా ఇంజను అందుకుంది. చప్పుడు బాగుంది, పొగ బాగుంది. అన్న మాకు చెయ్యూపి, రాడ్డు ముందుకు తిప్పి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలినాడు. బండి వెనక్కి పోయింది. నిదానంగా కాదు, దర్జాగా పోయింది. వెనక వేపచెట్టు కింద అన్నం క్యారియరు విప్పుకుంటున్న కాపలాదారు క్యారియరుతో సహా ఎగిరి గట్టెక్కినాడు. మజ్జిగ ఒక్క చుక్క ఒలకలేదు.

"ఏమన్నా, యాడికి పోతాండావ్?" అని మామ అరుపు.

"నాకేం తెలుసు మామా, దీన్నడుగు!" అంటూ అన్న చెట్టును ఆనుకొని ఆగినాడు.

బుల్లెట్ సారు ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన మనిషికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదు. పుల్ల తీసుకొని నేల మీద సిలిండరు గీసినాడు. టూస్ట్రోకు ఇంజనుకు వాల్వులుండవు, గోడలో రంధ్రాలే ఉంటాయి. పిస్టను వాటిని మూస్తూ తెరుస్తూ పోతుంది. ఇంజను ఏ వైపు తిరిగినా ఆ రంధ్రాలకు తేడా తెలియదు. పిస్టను పైకి చేరడానికి కొంచెం ముందే ప్లగ్గు మంట కొడుతుంది. కిక్కు సగంలో ఆగితే ఆ మంట పిస్టనును వెనక్కి తంతుంది, ఇంజను ఎదురు తిరగడం మొదలుపెడుతుంది. చప్పుడులో తేడా దొరకదు, గేరు వేసినాకనే బయటపడుతుంది.

కాపలాదారు పాఠమంతా శ్రద్ధగా విని, "అట్లయితే సార్, నాలుగు గేర్లూ ఎనక్కే పోతాయా?" అని అడిగినాడు.

"పోతాయి" అన్నాడు సారు, క్లాసులో మొదటి మార్కు ఇచ్చే గొంతుతో.

జావా అన్న కళ్లల్లో ఒక ఆలోచన మెరవడం చూసి రాజ్‌దూత్ మామ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

జొన్నగిరి దాటినాక ఎర్రచేలల్లో ఎక్కడ చూసినా వంగిన మనుషులే. తొలకరి పడితే చాలు, తుగ్గలి, మద్దికెర మండలాల చేలల్లోకి వజ్రాల కోసం జనం దిగుతారు. వాన నీళ్లు మన్ను కోసుకొని పోతే రాళ్లు పైకి తేలుతాయి. వాటిలో మెరిసేది ఒక్కటి దొరికితే ఆ ఇంటి అప్పు తీరుతుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కుటుంబాలతో వస్తారు. సద్దిమూట కట్టుకొని, చెట్టు కింద చంటిబిడ్డకు ఉయ్యాల కట్టి, పొద్దున్నుంచి మాపటిదాకా కంటిచూపుతోనే నేలను దున్నుతారు. గొడవలొద్దని తోసేసే రైతులున్నారు, పోనీలెమ్మని ఊరుకునే రైతులున్నారు.

సరిగ్గా అక్కడే మామ రాజ్‌దూత్ చైన్ తెగి రోడ్డు మీద పాములాగా పడింది. తెగడమంటే తెగలేదు, లింకును పట్టి ఉంచే చైన్ లాకు ఎగిరిపోయింది. గోరంత స్ప్రింగు రేకు. అది లేకుండా చైన్ నిలవదు. మామ బండి పక్కకు తోసి, వంగి, రోడ్డు పక్క ఎర్రమట్టిలో వెతకడం మొదలుపెట్టినాడు. మేమంతా వంగినాం.

ఆ చోట, ఆ నెలలో, ఐదుగురు మనుషులు ఒకేచోట వంగి నేలను చూస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

ముందు ఇద్దరు ఆడవాళ్లు వచ్చినారు. ఏమీ అడగలేదు, మా పక్కనే వెతకడం మొదలుపెట్టినారు. తర్వాత ఒక ఆటో ఆగింది. దాంట్లోంచి తాతతో సహా కుటుంబమంతా దిగింది. చేలోవాళ్లు గట్టు దాటి పరుగున వచ్చినారు.

"ఎంత సైజుప్పా?"

"వజ్రం గాదక్కా, చైన్ లాకు."

"ఆ, అట్లనే అంటారు. పోయినేడు గూడా ఒకాయన చెప్పుతెగిందని చెప్పె."

మామ ఎంత నిజం చెప్తే వాళ్లకు అంత నమ్మకం పోయింది. చైను చూపించినాడు. ఇంత పెద్ద నాటకానికి చైను కూడా తెచ్చుకున్నారా అన్నట్టు చూసినారు. సువేగా తమ్ముడు ఫోనులో చైన్ లాకు బొమ్మ తీసి అందరికీ తిప్పి చూపించినాడు. అప్పటికి జనం అలవాటుగా వరసలు కట్టి, జానెడు జానెడు నేల పంచుకొని గాలిస్తున్నారు. ఆ పనితనం చూసి తీరాలి. రాయి రాయికీ మధ్య చూపు ఆగుతుంది, ఎండకు మెడ ఒక పక్కకు వాలుస్తారు, మెరుపు వాలుగా చూస్తేనే తెలుస్తుందట. మాకు తెలిసిన పట్టణపు మెకానిక్కులెవరికీ అంత ఓపిక లేదు.

చివరికి ఒక పెద్దమ్మకు దొరికింది. రెండు వేళ్లతో పట్టుకొని ఎండకెత్తి చూసి, "ఇంత రేకుముక్కకా ఇంతమంది నడుములు పడేసుకునేది?" అంది. అందరూ నవ్వినారు. నవ్వనిది ఆటోలో వచ్చిన తాత ఒక్కడే. ఇనుము దొరికిన చోట ఇంకోటి కూడా దొరుకుతుందని ఆయన లెక్క. మేం బయల్దేరేదాకా వెతుకుతూనే ఉన్నాడు. పెద్దమ్మకు మామ డబ్బివ్వబోతే తీసుకోలేదు. "మా ఆయనకు ఈ బండే ఉండె. దీని మిందనే నన్ను కాపురానికి తెచ్చె" అని మాత్రం అంది. రాజ్‌దూత్ మామ ఆ లాకును బిగించడానికి చాలాసేపు తీసుకున్నాడు. పని కష్టమయి కాదు, ఆమె మాట పూర్తయ్యేదాకా వినాలని.

ఇంకొంత దూరంలో ఒక పెద్దాయన టమాటా క్రేటు పక్కన పెట్టుకొని బండి కోసం చూస్తున్నాడు. మేం ఆపకముందే చెయ్యెత్తి రాజ్‌దూత్‌ను ఆపినాడు.

"ఇట్లాంటిదే నాకుండె. పిల్ల పెండ్లికి అమ్మితి. ఒక్క కిక్కు కొడ్తానప్పా."

మామ దిగినాడు. పెద్దాయన చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, పెట్రోలు నాబు వేలితో తడుముకొని, రెండుసార్లు మెల్లగా నొక్కి, మూడోసారి కొట్టినాడు. మామకు ఆరేడు కిక్కులకు గానీ లేవని బండి ఆయన కాలికి ఒక్కదానికే లేచింది. తర్వాత జరిగింది మామ ఇప్పటికీ జీర్ణించుకోలేడు. పెద్దాయన సీటు ముందుకు జరిగి, "క్రేటు పట్టుకొని ఎనక కూచోప్పా" అన్నాడు. పత్తికొండ మార్కెట్టుదాకా ఆయనే నడిపినాడు. మామ టమాటా క్రేటు ఒళ్లో పెట్టుకొని, సొంత బండి మీద వెనక కూచొని వచ్చినాడు. గుంతలన్నీ పెద్దాయనకు కంఠతా వచ్చు. ఏ గుంతలోనూ దించలేదు, ఒక్క పండు చితకలేదు.

పత్తికొండ టమాటా మార్కెట్టును గురించి పేపర్లో రెండు రకాల వార్తలే వస్తాయి. ధర లేక రైతులు రోడ్డు మీద పారబోసినారని, లేకపోతే 2023 జూలైలో మాదిరి ధర కొండెక్కిందని. ఈ రెండింటి మధ్య రోజులే ఎక్కువ. ఆ రోజు కూడా మధ్య రోజే. పెద్దాయన క్రేటు దించి, తాళం మామ చేతిలో పెట్టి, "క్లచ్ ప్లేట్లు జారతాండాయి. ఇంటికి పోకముందే చూపిచ్చు" అని చెప్పి వేలంలోకి వెళ్లిపోయినాడు. ఆయన చెప్పింది నిజమని తర్వాత తేలింది.

బుల్లెట్ కూడా అప్పటికి దగ్గుతోంది. ఊర్లో అడిగితే అందరూ ఒకే షెడ్డు చూపించినారు. రేకుల షెడ్డు, ముందు పాత సైలెన్సర్లు, లోపల అరవై దాటిన భాయి. మేం చెప్పేది వినకుండా బండి చప్పుడు విన్నాడు.

"అందరూ కార్బొరేటర్ మింద పడతారు సార్. పాయింట్లు జూడండి ముందు."

మూత విప్పి, పాయింట్లు రుద్ది, సిగరెట్టు పెట్టెలోని పల్చని కాగితం చించి వాటి మధ్య పెట్టినాడు. ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సన్నగా లాగి చూస్తున్నాడు. పాయింట్లు విడిన క్షణం కాగితం జారి బయటికొస్తుంది. ఆ క్షణమే ప్లగ్గు మంట కొట్టే క్షణం. పని అయినాక బుల్లెట్ సారు ఆగలేక తన పెట్టెలోంచి ఫీలర్ గేజి తీసి ఖాళీ కొలిచినాడు. పుస్తకంలో అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు అని ఉంది. పదిహేను రేకు ఆనీ ఆనకుండా దూరింది, పదహారు దూరలేదు. సారు గేజి మడిచి పెట్టి, భాయికి చెయ్యి కలిపినాడు. భాయి ముందు చేతులు తుడుచుకోబోయినాడు, సారు ఆ అవసరం లేదన్నాడు. నల్లటి ఆయిలు ఇద్దరికీ అంటింది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చినాక కొత్త బండ్లలో కార్బొరేటర్లు దాదాపు పోయినాయి, పెట్రోలు లెక్క కంప్యూటరు చూసుకుంటుంది. గాలికి అది మంచిదే, మా టూస్ట్రోకుల పొగను ఎవరూ సమర్థించలేరు. భాయి దగ్గర పనిచేసే పిల్లోడు కొత్త బండ్లకు తీగ తగిలించి ఫోనులో తప్పు చదువుతాడు. భాయికి దానిమీద కోపమేమీ లేదు. మా బుల్లెట్టు మూత బిగించేముందు పాయింట్లు మళ్లీ కావాలని చెదరగొట్టి, కాగితం పిల్లోడి చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు" అన్నాడు. మేం ఒంటిగంట ఎండలో నిలబడి చూసినాం. పిల్లోడికి మొదటిసారి కుదరలేదు, రెండోసారి కుదరలేదు. ఆ తర్వాత సారు గేజి పెట్టి చూసి తలూపినాడు. ఇట్లాంటి షెడ్లు ఉన్నంతకాలమే మా బండ్లు నడుస్తాయి. పాతబండ్ల మీద లక్షలు పోసేవాళ్లు అందులో కొంచెం ఇట్లాంటి పిల్లోండ్ల మీద కూడా పెడితే బాగుంటుందని నా గట్టి నమ్మకం.

మన్రో పోయినాక, ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం పత్తికొండలో ఒక తోపు నాటించి, రాతి మెట్లతో బావి కట్టించింది. దారిన పోయేవాళ్లకు నీడ, నీళ్లు. పొద్దున ఎర్రగుడి బండ మీద చూసిన మాటే సాయంత్రం పత్తికొండలో ఎదురైంది. అశోకుడికీ ఈ స్కాట్లండు మనిషికీ మధ్య రెండు వేల ఏండ్లు. ఈ నేల ఇద్దరి దగ్గరా ఒకటే కోరింది. ఈ పక్క జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే శిస్తు వసూలు చేసినందుకు మాత్రం అయి ఉండదు. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం నీళ్లను ఈ దిక్కుకు ఎత్తిపోస్తోంది. పందికోన దగ్గర రిజర్వాయరు కట్టినారు. మరుసటి రోజు అది చూద్దామని బయల్దేరినాం.

పందికోన అనగానే ఈ జిల్లాలో ఎవరికైనా కుక్కలే గుర్తొస్తాయి. వేటకూ కాపలాకూ పేరుపడిన జాతి. ఇంటికి ఎంత విశ్వాసమో పరాయివాడికి అంత భయం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి పిల్లలను కొనుక్కుపోతారు. మాకు పత్తికొండలో టీ కొట్టు దగ్గరే హెచ్చరిక దొరికింది: కుక్క కనబడితే బండి ఆపండి, పరుగెత్తకండి. చెప్పడం తేలిక. మా బండ్లలో కొన్నింటిని ఆపితే మళ్లీ లేపడానికి ఊరు కావాలి.

ఊరి దగ్గర గొర్రెలమంద అడ్డమొచ్చింది. మంద వెనక రెండు కుక్కలు. బుల్లెట్టూ, యెజ్దీ, జావా ఆగినాయి. రాజ్‌దూత్ ఆగి, ఆరిపోయింది. సువేగా ఇంజను అప్పుడే అలిగింది, తమ్ముడు మాత్రం ఆగలేదు. పెడల్సు మీద లేచి తొక్కడం మొదలుపెట్టినాడు. అది చూసి ఒక కుక్క కదిలింది. తమ్ముడు వేగం పెంచినాడు. తిరుపతి ఫ్యాక్టరీలో ఆ బండి చేసినవాళ్లు కూడా పెడల్సుతో అంత వేగం ఊహించి ఉండరు. కుక్క పక్కపక్కనే పరుగెత్తుతోంది. కరవడంలేదు, మొరగడం కూడా లేదు. తిరుగుతున్న పెడలును తల పైకీ కిందికీ ఆడిస్తూ చూస్తోంది.

"ఉరకొద్దు సామీ, నిలబడు!" గొర్రెలకాపరి కేక.

"నిలబడితే కరుస్తాదన్నా!"

"ఉరికితేనే దానికి ఆట!"

తమ్ముడి కాళ్లు అలిసి ఆగిపోయినాయి. కుక్క కూడా ఆగింది. ఒకసారి సువేగా చుట్టూ తిరిగి, ముందు చక్రం వాసన చూసి, కాలెత్తి తన పని కానిచ్చి, తిరిగి మంద దగ్గరికి నడుచుకుంటూ పోయింది. తమ్ముడు ఊపిరి పీల్చుకొని అలవాటుగా పెడలు ఒక్కసారి తొక్కినాడు. ఇంజను లేచింది.

కాపరి నవ్వు ఆపుకోలేక కర్ర మీద వాలిపోయినాడు. దగ్గరికొచ్చి బండిని తేరిపార చూసి, "దీనికి పెట్రోలు కంటే మా కుక్కే మేలున్నెట్లుందే" అన్నాడు. రాజ్‌దూత్ మామ తన ఆరిపోయిన బండి వైపు చూపించి, దీని దగ్గరికి కూడా ఒకసారి పిలవమని అడిగినాడు. కాపరి ఈలవేసినాడు. కుక్క తలెత్తి చూసింది గానీ రాలేదు. చివరికి మేం నలుగురం, కాపరి కలిసి తోసినాం.